గ్లోబు మోసే పిల్ల

పోయిన వారం లెక్కల టీచరును పెద్ద సారు గది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం నుంచీ ఆమె అక్కడే ఉంది, ఇక లోపలికి పోనిద్దాం. తేలాల్సిన విషయం ఒక్కటే. ఏడో తరగతిలో అందరూ బొంగరం అని పిలిచే పిల్ల ఈ బడిలోనే ఉంటుందా, లేక మార్కెట్టు అవతలున్న ప్రత్యేక బడికి పోతుందా? పిల్లకి ఏడీహెచ్‌డీ ఉందని డాక్టరు తేల్చాడు. మనసు ఒకచోట నిలవదు, ఒళ్ళు అసలే నిలవదు. అయినా ముందు బెంచీలో కూర్చోబెట్టి, ఒకేసారి ఒక్క పని చెప్పి, మధ్యమధ్యలో లేచి తిరగనిచ్చి, పరీక్షలో కాస్త ఎక్కువ సమయం ఇస్తే అందరితో పాటే చదువుకుంటుందన్నాడు. ఆ సాయం తోటి టీచర్లందరి చేతా చేయిస్తానని పెద్ద సారు దగ్గర పూచీ పడింది మన లెక్కల టీచరే. ఆ పూచీ ఏమైందో తేలే రోజు ఇవాళ.

గది చిన్నది. పెద్ద సారు బల్ల వెనక, గోడకి ఆనించిన ఇనప బీరువా మీద పాత కప్పులూ షీల్డులూ దుమ్ము పట్టి ఉన్నాయి. ఫ్యాను తిరిగినప్పుడల్లా బల్ల మీది కాగితాలు లేవబోతాయి, పెద్ద సారు అరచేత్తో వాటిని అదిమి పెడతాడు. కుడివైపు కుర్చీలో సైన్సు మేడమ్ వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. ఆమె పక్కన సోషల్ మాస్టారు, కాలు మీద కాలేసుకుని, టీ తాగి వచ్చిన హుషారులో ఉన్నాడు. ఎడమవైపు బొంగరం వాళ్ళమ్మ. సూపర్ మార్కెట్టులో బిల్లులు కొట్టే ఉద్యోగం. సగం పూట సెలవు పెట్టి, ఆ నీలం యూనిఫాం కోటుతోనే వచ్చేసింది. రోజంతా నిలబడి చేసే పనేమో, కుర్చీ దొరికినా అంచు మీదే కూర్చుంది.

"ఆలస్యమైందా టీచర్?" అంది లెక్కల టీచరును చూసి. "పొద్దున దాన్ని నేనే దింపి, కౌంటరు మూసి మళ్ళీ వచ్చాను. ఒక్కదాన్నే పంపలేను. ఇంట్లో ఎంత అల్లరైనా పడతాను కానీ, రోడ్డు దగ్గర మాత్రం దాని చెయ్యి వదలను. అవతల ఏదన్నా కనిపించిందంటే ఇటూ అటూ చూసుకోదు."

"ఏం ఆలస్యం కాలేదమ్మా," అని లెక్కల టీచరు ఆమె పక్కనే కూర్చుంది. కంగారు మొహంలో కనబడకూడదని పెన్ను తీసి, మూత పెట్టి, మళ్ళీ తీసింది.

గదిలోకి రావడానికి పావుగంట ముందే ఆమె ఇంకో పని కూడా చేసింది. వరండాలో గోడకి మడమ తన్నుకుంటూ నిలబడ్డ బొంగరాన్ని చూసి, పెద్దవాళ్ళ మాటలు ఆ చెవిన పడకూడదనుకుంది. "తల్లీ, గ్లోబు తీసుకెళ్ళి సైన్సు ల్యాబులో ఇచ్చి రా," అని పంపేసింది.

ఈ గ్లోబు సంగతి తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పాలి. అది ఆ బడి అంత పాతది. ఇనప స్టాండు, సగం వెలిసిపోయిన సముద్రాలు, తిప్పితే కీచుమనే ఇరుసు. పాఠానికి దాన్ని వాడటం ఎవరూ చూడలేదు. కానీ ఒకరోజు బెంచీ కింద బొంగరం కాళ్ళు తాళం వేస్తుంటే, విసుగొచ్చి లెక్కల టీచరు ఆ పిల్లని దాన్ని మేడ మీద పెట్టి రమ్మంది. రెండు చేతులా వాటేసుకుని మోసుకుపోయింది పిల్ల, గ్లోబు పైనుంచి కళ్ళు మాత్రమే కనిపించాయి. తిరిగొచ్చి కూర్చుని, తల ఎత్తకుండా భిన్నాలన్నీ చేసేసింది. అంతే, లెక్కల టీచరు చేతికి మందు దొరికింది. అప్పటినుంచీ పిల్ల ఒళ్ళు కుదురు తప్పినప్పుడు గ్లోబు బయల్దేరుతుంది. అవతలి టీచరు "థ్యాంక్స్ తల్లీ" అని పుచ్చుకుంటుంది, కాసేపటికి తిప్పి పంపుతుంది. శిక్ష అన్న మాట లేదు, తోటి పిల్లల ముందు చిన్నతనం లేదు. స్టాఫు రూములో అందరికీ తనే చెప్పి ఒప్పించింది.

పెద్ద సారు గొంతు సవరించుకున్నాడు. "చూడండమ్మా. మాకు మీ అమ్మాయంటే ఏ కోపమూ లేదు. అయితే మిగతా పిల్లల సంగతి కూడా చూసుకోవాలి కదా. మేడమ్, మీరు చెప్పండి."

సైన్సు మేడమ్ చెప్పడానికి సిద్ధంగానే ఉంది. "నేనేం రాక్షసిని కాదండీ. నా ల్యాబులో నలభై మంది పిల్లలు, బల్లకో బర్నరు. మంట వెలుగుతుండగా మీ అమ్మాయి ఒక్క గెంతులో ఇటు నుంచి అటు పోతుంది. ఏదన్నా జరిగితే నన్నడుగుతారు గానీ, కాగితం మీద సలహాలు రాసిచ్చిన డాక్టరుని అడగరు. ఒక్క పిల్ల మీద కళ్ళన్నీ పెడితే మిగతా వాళ్ళ మీద పెట్టడానికి నాకు ఇంకో జత కళ్ళు లేవు."

ఆ మాటల్లో అబద్ధం లేదు. లెక్కల టీచరుకి అదే భయం. అబద్ధమాడే వాళ్ళతో వాదించొచ్చు, నిజం చెప్పేవాళ్ళతో ఏం వాదిస్తాం.

సోషల్ మాస్టారు నవ్వాడు. "మా చిన్నప్పుడు ఈ జబ్బుకి పేరు అల్లరి. మందు బెత్తం. పొద్దున ఒక డోసు, సాయంత్రం ఒక డోసు. చూడండి, నేను బాగుపడలేదూ?"

ఎవరూ నవ్వలేదు. తల్లి తన కోటు గుండీ తిప్పుకుంటూ కూర్చుంది.

"మీరు బాగుపడ్డారో లేదో మీ పక్క క్లాసు వాళ్ళనడగాలి సార్," అంది లెక్కల టీచరు. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "నేను చెప్పేది వినండి. ఆ పిల్లకి మూడు పనులు కలిపి చెబితే మూడూ పోతాయి. ఒక్కటి చెప్పండి. ప్రాణం పెట్టి చేస్తుంది. చెప్పిన పని పూర్తయ్యేదాకా వెనక్కి తిరగదు. అంత నమ్మకంగా మాట వినే పిల్ల నా క్లాసులో ఇంకొకరు లేరు."

"మరి ఈ మార్కులేంటి?" పెద్ద సారు అరచేయి కింది కాగితం పైకి తీశాడు. "లెక్కల్లో గట్టెక్కింది. సైన్సులో పోయింది, సోషల్లో పోయింది, మిగతావీ అంతే. పోయినేడు ఏ సాయమూ లేనప్పుడే ఇంతకన్నా నయం. మందేసినాక రోగం ముదిరితే ఏమనుకోవాలి టీచర్?"

ఆ మార్కులు లెక్కల టీచరు కూడా చూసింది. చూసి, రాత్రి నిద్ర పట్టక, ఎక్కడ తప్పిందో తెలియక కొట్టుకుపోయింది. తన క్లాసులో చక్కగా చేసే పిల్ల పక్క క్లాసులో ఎందుకు పోతోంది?

"క్లాసులో ఉంటే కదా సార్, మార్కులొచ్చేది," అంది సైన్సు మేడమ్. ఏదో తెలిసిన విషయమే చెప్పినట్టు మామూలుగా అంది.

తల్లి తలెత్తింది. "ఉంటే కదా అంటే ఏంటండీ? నేను ఒక్కరోజు మాన్పించలేదు. ఒళ్ళు వెచ్చగా ఉన్నా వెళ్తానంటుంది. రోజూ నా చేత్తో గేటు దగ్గర దింపుతున్నాను."

"బడికొస్తుందమ్మా. క్లాసులో ఉండదు అంటున్నాను. పాఠం మొదలెట్టగానే కదులుతుంది కదా, గ్లోబు ఇచ్చి పంపేస్తాను. సోషల్ మాస్టారు దగ్గరికి."

"నా దగ్గరికా?" సోషల్ మాస్టారు కాలు మీది కాలు దించాడు. "ఓహో, అందుకా నాకు పీరియడ్ పీరియడ్‌కీ గ్లోబు దర్శనం. నేను పైకి పంపిస్తాను మేడమ్, కంప్యూటర్ల గదికి. ఒక్కోసారి లైబ్రరీకి. అసలు నా సొంత సబ్జెక్టు వస్తువది, నా దగ్గరే ఉండనివ్వను చూశారా."

"అదేంటి, నా దగ్గరికి లైబ్రరీ నుంచి వస్తుంది," అన్నాడు పెద్ద సారు ఉన్నట్టుండి. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన కాస్త ఇబ్బందిగా కదిలాడు. "చాలాసార్లు వచ్చింది. తనిఖీకి పంపుతున్నారేమో అనుకుని సంతకం పెట్టి పంపుతున్నాను."

"దేని మీద సార్?" అంది సైన్సు మేడమ్.

"స్టాండు కింద."

ఇంకో రోజైతే లెక్కల టీచరు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. ఇవాళ మాత్రం ఆమె మనసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పీరియడ్లన్నీ వరసగా నడిచాయి. తన దగ్గర్నుంచి ల్యాబుకి, ల్యాబు నుంచి సోషల్‌కి, అక్కణ్ణుంచి మేడ మీదికి, లైబ్రరీకి, ఈ గదికి. ప్రతివాళ్ళూ తామొక్కరే పంపుతున్నామనుకున్నారు. ప్రతివాళ్ళూ పిల్లకి మేలు చేస్తున్నామనే అనుకున్నారు. మేలు చేస్తూ, పనిలో పనిగా కాసేపు ఆ పిల్ల లేని హాయి కూడా అనుభవించారు. మిగతావాళ్ళని అనడమెందుకు, తను మాత్రం? గ్లోబు గుమ్మం దాటగానే తన ఒళ్ళు తేలికపడేది కాదూ? కాస్త నెమ్మదిగా తిరిగొస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకోలేదు?

తల్లి ఒక్కొక్కరి మొహమే చూసింది.

"అది కుదురుగా కూర్చోదు, కూర్చోదు అని రెండేళ్ళుగా చెప్తున్నారు నాకు," అంది. "మరి మా అమ్మాయిని కూర్చోనిచ్చింది ఎప్పుడండీ?"

ఆమె గొంతు పెంచలేదు. బిల్లు తప్పు వచ్చిందని గొడవకొచ్చే వాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ అలవాటైన గొంతు అది.

"ఇంటికొచ్చి ఏం చెప్పేదో తెలుసా? 'అమ్మా, మా బడిలో అందరికన్నా నాకే పనెక్కువ. ఆ గ్లోబు ఇంకెవరూ మోయలేరు. టీచర్లందరూ నన్నే పిలుస్తారు' అనేది. నేను ఎంత పొంగిపోయానో. ఎప్పుడూ తిట్లు తినే పిల్ల కదా, పోనీలే ఒకచోటైనా మెచ్చుకుంటున్నారు అనుకున్నాను. నా కౌంటరు దగ్గరికొచ్చే వాళ్ళక్కూడా చెప్పుకున్నాను." ఆమె కోటు అంచు సర్దుకుంది. "నిన్న అన్నం దగ్గర ప్లేటు పక్కకి జరిపి అడిగింది. 'అమ్మా, గ్లోబు నిజంగా ఎవరికీ అక్కర్లేదట కదా. నన్ను బయటికి పంపడానికేనట కదా' అని. క్లాసులో ఎవరో అన్నారట. నేను కాదులే అన్నాను. నాకేం తెలుసు, నేను మీ మాటే చెప్పాను."

లెక్కల టీచరుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తప్పు నాదేనమ్మా," అంది. "ఆ పిల్లకి ఊపిరి తిరగాలని నేను మొదలెట్టాను. ఎంతసేపు బయటుంటోందో, తిరిగి ఎవరి క్లాసులో కూర్చుంటోందో ఒక్కరోజూ వెనక్కి తిరిగి చూడలేదు. ఇది సాయం కాదు. ఇంత బతుకూ బతికి ఒక పిల్లని వరండాలో వదిలేశాను."

"మీరొక్కరే కాదులెండి," అంది సైన్సు మేడమ్. ఆమె గొంతులో ఇందాకటి బిగువు లేదు. "నేను మంటకి భయపడ్డాను. భయం నిజమే. కానీ పంపేయడం తేలిక గనక పంపేశాను, అదీ నిజమే. సార్, ఆ పిల్లని నా బల్ల దగ్గరే నిలబెట్టుకుంటాను. గాజు సామాను అందివ్వడం, నీళ్ళు పట్టడం, అన్నీ దాని చేతే. ల్యాబులో కూర్చోవాల్సిన అవసరం ఎవరికుంది గనక. ఒక్క నెల చూద్దాం. కుదరకపోతే నేనే వచ్చి చెప్తాను."

లెక్కల టీచరు నమ్మలేనట్టు ఆమె వైపు చూసింది. ఈ మాట కోసం ఏడాదిగా ఆమె చుట్టూ ప్రదక్షిణలు చేసింది. ఎన్ని పుస్తకాలు తెచ్చి చూపించినా కరగని మనిషి, ఒక తల్లి అడిగిన ఒక్క ప్రశ్నకి కరిగింది.

పెద్ద సారు మార్కుల కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టాడు. "అయితే ఈ ఏడాదంతా ఇక్కడే. మళ్ళీ ఆ గ్లోబు నా గదిలోకి రాకూడదు. పిల్లని పిలవండి టీచర్. ఇక్కడే ఉంటున్నావని నేనే చెప్తాను."

తల్లి రెండు చేతులతో మొహం తుడుచుకుంది. మొదటిసారి కుర్చీకి వెనక్కి ఆనుకుంది.

లెక్కల టీచరు లేచి తలుపు తీసింది. వరండా ఖాళీ. "ల్యాబులో ఉండి ఉంటుంది. నేనే పంపాను."

"ల్యాబుకి తాళం వేసి కదా వచ్చాను," అంది సైన్సు మేడమ్. "తాళం వేస్తుంటే వచ్చింది. మీటింగుకి టైమైపోతోందని, సోషల్ మాస్టారుకి ఇవ్వమన్నాను."

అందరూ సోషల్ మాస్టారు వైపు చూశారు. ఆయన నవ్వబోయాడు, నవ్వు కుదరలేదు.

"స్టాఫు రూముకి వచ్చింది," అన్నాడు. "టీ తాగుతున్నాను. 'సార్, గ్లోబు మీకు కావాలా' అంది. ఎప్పుడూ అలా అడగదు, ఇచ్చేసి పోతుంది. నేను... ఊరికే, నవ్వులాటకే అన్నాను..."

"ఏమన్నారు?"

"నాకేం వద్దు, ఈ బడిలో దాని అవసరం ఎవరికీ లేదు, మార్కెట్టు అవతల బడిలో ఇచ్చి రా, రేపట్నుంచి నువ్వూ అక్కడికేగా అన్నాను." ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. "నిజంగా వెళ్తుందని ఎవరనుకుంటారు? ఏ పిల్లయినా నవ్వేసి పోతుంది కదా."

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. ఏ పిల్లయినా నవ్వేసి పోతుంది, నిజమే. కానీ ఈ పిల్లకి ఒక్క పని చెబితే ప్రాణం పెట్టి చేస్తుందనీ, పూర్తయ్యేదాకా వెనక్కి తిరగదనీ ఇదే గదిలో ఇందాకే ఒకరు గొప్పగా చెప్పారు. చెప్పిన మనిషి అప్పటికే మెట్లు దిగుతోంది. వెనక తల్లి అడుగుల చప్పుడు, ఆ వెనక సైన్సు మేడమ్ కేక, ఏదో చెప్పబోతున్న పెద్ద సారు గొంతు, ఏదీ ఆమెకి అర్థం కావడం లేదు. మైదానం ఇంత పెద్దదని ఆమెకి ఇంతకుముందెప్పుడూ తెలియలేదు.

గేటు పక్కన స్టూలు మీద గేటు తాత వేరుశెనక్కాయలు వలుచుకుంటున్నాడు. వీళ్ళ పరుగు చూసి లేచి నిలబడ్డాడు.

"తాతా, బొంగరం ఇటొచ్చిందా?"

"వచ్చిందమ్మా. బయటికి పంపాను. మీరే కదా పంపారు?"

"ఎవరు పంపారు? చీటీ లేకుండా ఎవరినీ వదలవు కదా నువ్వు?"

"చీటీ ఏదమ్మా అంటే గ్లోబు చూపించింది. అదే నా చీటీ తాతా అంది. రోజూ ఎవరో ఒకరి పని మీద దాన్ని మోస్తూనే ఉంటుంది కదా, పెద్ద సారు సంతకం కూడా చూపించింది స్టాండు కింద. తాళం తీశాను." తాతకి అప్పుడే ఏదో తేడాగా తోచింది. "బరువుగా లేదూ, ఇక్కడ పెట్టి కాసేపు కూర్చో అన్నానమ్మా. కూర్చోను తాతా, ఈసారి నిజంగా కావలసిన వాళ్ళకే ఇస్తున్నాను అంది."

తల్లి గేటు ఊచలు పట్టుకుని నిలబడిపోయింది. మార్కెట్టు వైపు పోయే రోడ్డు తప్ప ఆమె ఏమీ చూడటం లేదు.

"రెండు చేతులూ దాని మీదే ఉంటాయి కదా టీచర్," అంది మెల్లగా. "మరి మా అమ్మాయి చెయ్యి ఎవరు పట్టుకుంటారు?"

లెక్కల టీచరు గేటు తోసుకుని రోడ్డు మీదికి దిగింది. మలుపు దగ్గర, మార్కెట్టు వైపు పోయే బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయి ఉన్నాయి. ముందు ఏమైందో చూడటానికి జనం ఒక్కొక్కరే దిగుతున్నారు.